కర్ఫ్యూ రాత్రి ఆఖరి ఎపిసోడ్: 'ది కాస్బీ షో' ఎనిమిదో సీజన్ కథ

 

ఈరోజు కథ ఒక రాత్రితో మొదలుపెడదాం. 1992 ఏప్రిల్ 30, గురువారం. అమెరికాలోని లాస్ ఏంజెలెస్. ఊళ్లో అల్లర్లు మొదలై రెండో రోజు. షాపులు తగలబడుతున్నాయి, కర్ఫ్యూ పెట్టారు. మేయర్ టీవీలోకి వచ్చి జనాన్ని బతిమాలుతున్నారు, ఇళ్లల్లోంచి బయటికి రావద్దని. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలో కూడా చెప్పారు. ఈ రాత్రి 'ది కాస్బీ షో' ఆఖరి ఎపిసోడ్ వస్తోంది, అది చూడండి అన్నారు.

మీరు విన్నది కరెక్టే. ఊరు తగలబడుతుంటే ఒక మేయర్ జనాన్ని కామెడీ సీరియల్ చూడమని అడిగారు.

నేను ఇది మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. కానీ ఆ షో మొదటి ఎపిసోడ్ చూసి, చివరి సీజన్ చూసి, ఆ మేయర్ ఎవరో తెలుసుకున్నాక నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ సీరియల్ ఎనిమిదేళ్లు చెప్పిన మాటా, మా నాన్న నాకు చెప్పిన మాటా ఒకటే. "చదువుకో, మిగతాదంతా అదే వస్తుంది." ఈ మాట ఎంతవరకు నిజం? ఈరోజు మన ప్రశ్న అదే.

ముందు షో గురించి తెలియని వాళ్ల కోసం. సిట్‌కామ్ అంటే అరగంట కామెడీ. వారం వారం అదే ఇల్లు, అదే మనుషులు. మనకి 'అమృతం' తెలుసు కదా, ఆ కోవలోదే. 'ది కాస్బీ షో' 1984 సెప్టెంబర్ 20న ఎన్‌బీసీ ఛానెల్‌లో మొదలైంది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో హక్స్‌టబుల్ అనే కుటుంబం. నాన్న క్లిఫ్ డాక్టర్, కాన్పులు చేస్తాడు. అమ్మ క్లెయిర్ లాయర్. ఐదుగురు పిల్లలు. వీళ్లు నల్లజాతి కుటుంబం.

ఇందులో వింతేముంది అనిపించొచ్చు. అప్పటిదాకా అమెరికన్ టీవీలో నల్లజాతి కుటుంబం అంటే ఎక్కువగా పేదరికం, అద్దె ఇల్లు, ఉద్యోగం పోవడం, వాటి మీద జోకులు. ఇక్కడేమో గోడల మీద పెయింటింగ్స్, ఇంట్లో జాజ్ సంగీతం, డైనింగ్ టేబుల్ దగ్గర కాలేజీ కబుర్లు. హార్వర్డ్‌లో పనిచేసే ఆల్విన్ పూసాంట్ అనే సైకియాట్రిస్ట్ స్క్రిప్టులకి సలహాదారు. నల్లవాళ్లని కించపరిచే పాత మూసలు జోకుల్లోకి రాకుండా చూడటం ఆయన పనిలో భాగం.

అప్పట్లో సిట్‌కామ్‌ల పని అయిపోయిందని టీవీ వాళ్లే అనుకుంటున్నారు. ఈ ఐడియాని ముందు ఏబీసీ ఛానెల్ వద్దనుకుంది. ఎన్‌బీసీ తీసుకుంది. తర్వాత ఏమైంది? 1985-86 నుంచి 1989-90 దాకా వరసగా ఐదు సీజన్లు అమెరికాలో నంబర్ వన్. ఐదోసారి మాత్రం 'రోజాన్' అనే ఇంకో ఫ్యామిలీ షోతో కలిసి. 1986-87లో దాని రేటింగ్ 34.9. అంటే టీవీ ఉన్న ప్రతి 100 ఇళ్లలో దాదాపు 35 ఇళ్లు గురువారం రాత్రి ఎనిమిదింటికి ఇదే చూస్తున్నాయి. ఒటీటీలో ఎవరి టైమ్‌లో వాళ్లు చూసుకునే మనకి ఇది ఊహకి అందడం కష్టం.

ఇప్పుడు మొదటి ఎపిసోడ్‌లోని ఒక సీన్ చెప్తా. ఈ మొత్తం కథకి ఇదే తాళంచెవి.

కొడుకు పేరు థియో. ఆ పాత్ర చేసింది మాల్కమ్-జమాల్ వార్నర్. థియోకి మార్కులు ఘోరంగా వచ్చాయి, అన్నీ 'డి' గ్రేడ్లే. నాన్న క్లాస్ పీకడానికి గదిలోకి వస్తాడు. నాకు కాలేజీ వద్దు, మామూలు మనుషుల్లాగా ఏదో ఒక పని చేసుకుంటా అంటాడు కొడుకు. సరే అని నాన్న మోనోపోలీ ఆటలో ఉండే డబ్బు నోట్లు తెస్తాడు. ఇదిగో నీ జీతం అని చేతిలో పెడతాడు. తర్వాత ఒక్కొక్కటే లాక్కుంటాడు. ఇది ట్యాక్స్, ఇది ఇంటి అద్దె, ఇది తిండి. చివరికి నీకు గర్ల్‌ఫ్రెండ్ ఉందా అని అడిగి, మిగిలింది కూడా లాగేస్తాడు.

అప్పుడు థియో సీరియస్‌గా మాట్లాడతాడు. నువ్వు డాక్టర్ కాకపోయినా నేను నిన్ను ప్రేమించేవాణ్ణి, ఎందుకంటే నువ్వు నా నాన్నవి. అలాగే నన్ను కూడా నీ కొడుకుని కాబట్టి ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవచ్చు కదా అంటాడు. స్టూడియోలో ఆడియెన్స్ చప్పట్లు కొడతారు. మామూలు సీరియల్ అయితే అక్కడ నాన్న కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి, కౌగిలింత, మ్యూజిక్. ఇక్కడ నాన్న ఏమంటాడంటే, నా జీవితంలో ఇంత తెలివితక్కువ మాట వినలేదు అంటాడు. నువ్వు చేతనైనంత కష్టపడి తీరాల్సిందే అంటాడు.

ఆ సీన్ చూసినప్పుడు నేను పాజ్ చేసి కాసేపు అలాగే కూర్చున్నా. ఎందుకంటే మా ఇంట్లో ఈ సీన్ జరిగింది.

మాది ఒంగోలు. మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. నేను బీటెక్ రెండో సంవత్సరంలో ఎం-త్రీ పోగొట్టుకున్నా, దాంతోపాటు ఇంకోటి. రెండు బ్యాక్‌లాగ్‌లు. సెలవులకి ఇంటికెళ్లి, నాకు ఇంజనీరింగ్ పడదు నాన్నా, మానేస్తా అన్నా. ఆయన అరవలేదు. బీరువాలోంచి జీతం స్లిప్పు తెచ్చి మంచం మీద పరిచారు.

"చూడరా. ఇది బేసిక్కు. ఇది డీఏ. ఇదిగో పీఎఫ్ కటింగు. ఇది సొసైటీ లోను కటింగు, మీ అక్క పెళ్లిది. ఇది నీ హాస్టల్ ఫీజు. ఇప్పుడు చెప్పు, ఎంత మిగిలింది?"

నేను మాట్లాడలేదు. "ఆ మిగిలిన దాంట్లో నువ్వు బతకగలవా చూసుకో, బతకగలిగితే మానెయ్" అన్నారు. నేను సప్లీ రాశా. పాసయ్యా. మా నాన్న కాస్బీ షో చూడలేదు. అసలు ఆయనకి ఆ పేరే తెలియదు. కానీ రెక్కల కష్టం మీద బతికిన ఇళ్లల్లో నాన్నలందరి దగ్గరా ఉండే లెక్క అదే.

సరే, ఇప్పుడు ఎనిమిదో సీజన్‌కి వద్దాం. అది 1991 సెప్టెంబర్‌లో మొదలైంది.

ఎక్కువ కాలం నడిచిన ఫ్యామిలీ సిట్‌కామ్‌లన్నిటికీ ఒకే జబ్బు వస్తుంది. పిల్లలు పెద్దవాళ్లైపోతారు. ఆరేళ్ల పాప ముద్దుగా మాట్లాడితే నవ్వుతారు, అదే పాప పద్నాలుగేళ్లకి అదే మాట అంటే నవ్వరు. అందుకే రైటర్లు కొత్త చిన్న పిల్లని తెస్తారు, ఒక చుట్టాన్ని దింపుతారు, ఒకళ్లకి పెళ్లి చేస్తారు, ఒకళ్లని దూరదేశం పంపేస్తారు. కాస్బీ షోలో ఇవన్నీ జరిగాయి. ఆఖరి పాప రూడీ పెద్దదైంది కాబట్టి 1989లో ఒలీవియా అనే బుడ్డది వచ్చింది. ఆ పాత్ర చేసింది రేవెన్-సిమోన్. తర్వాత క్లెయిర్ చుట్టాలమ్మాయి పామ్ వచ్చింది. పెద్దమ్మాయి సాండ్రాకి కవలలు, వాళ్ల పేర్లు నెల్సన్, విన్నీ. మండేలా దంపతుల పేర్లన్నమాట. రెండో అమ్మాయి డెనీస్ పాత్ర చేసిన లీసా బోనెట్ 1991లో షో నుంచి వెళ్లిపోయింది. కథలో ఆమెని భర్తతో సింగపూర్ పంపేశారు.

బయట కూడా గాలి మారింది. 1990లో ఫాక్స్ ఛానెల్ 'ది సింప్సన్స్'ని తెచ్చి సరిగ్గా గురువారం ఎనిమిదింటికే పెట్టింది. ఒకవైపు పద్ధతిగా ఉండే డాక్టర్ గారి కుటుంబం. ఇంకోవైపు బద్ధకం నాన్న, అల్లరి కొడుకు, పసుపు రంగు బొమ్మలు. కుర్రాళ్లు నెమ్మదిగా అటు జరిగారు. ఎనిమిదో సీజన్‌కి వచ్చేసరికి కాస్బీ షో 18వ స్థానంలో ఉంది. ఐదేళ్లు ఫస్ట్ ర్యాంక్ కొట్టినవాడు ఫైనల్ ఇయర్‌లో 18కి వచ్చినట్టు.

కానీ నాకు ఈ ముసలి సీజన్ అంటేనే ఇష్టం. ఎందుకో చెప్తా. మొదటి సీజన్లలో ఆ ఇంటి నాన్నకి అన్నీ తెలుసు. ఎనిమిదో సీజన్‌లో ఆయన లెక్కలు తప్పుతుంటాయి. కాలేజీలో చదువుతున్న వెనెస్సా ఒకరోజు ఒక మనిషిని తీసుకొచ్చి, మాకు నిశ్చితార్థం అయిపోయింది అంటుంది. అతని పేరు డాబ్నిస్, కాలేజీలో మెయింటెనెన్స్ పని చేస్తాడు, ఆమె కంటే చాలా పెద్దవాడు. అప్పుడు క్లిఫ్ ఆ అబ్బాయితో ఒక మాట అంటాడు. నీకు బాగా ఇష్టమైన మాంసం కూర ఉందనుకో, దాన్ని చెత్తబుట్ట మూత మీద పెట్టి వడ్డిస్తే తింటావా? నువ్వు మంచివాడివే కావచ్చు, మా అమ్మాయి నిన్ను వడ్డించిన తీరు అది అంటాడు. చదువుకుంటే అంతా బాగుంటుంది అన్న ఇంట్లో, చదువుతున్న అమ్మాయే చెప్పకుండా జీవితం తేల్చేసుకుంది. ఆ నాన్నకి కోపం కంటే అవమానం ఎక్కువ. తర్వాత ఆ సంబంధం ఆగిపోతుంది, అది వేరే సంగతి.

పామ్ వచ్చాక ఇంకో సంగతి జరిగింది. ఆ అమ్మాయి బెడ్‌ఫర్డ్-స్టైవెసంట్ అనే పేద పేట నుంచి వస్తుంది. ఆమెతో పాటు ఆమె స్నేహితులూ వస్తారు. అప్పటిదాకా కాలేజీకి వెళ్తావా అనేది ఆ ఇంట్లో ప్రశ్నే కాదు, ఏ కాలేజీ అనేదే ప్రశ్న. పామ్ వచ్చాక మొదటి ప్రశ్న కూడా ఆ సోఫాలో వచ్చి కూర్చుంది.

ఇంక థియో. ఆరో సీజన్‌లో అతనికి డిస్‌లెక్సియా ఉందని తేలుతుంది. అంటే అక్షరాలు చదవడంలోనే మెదడుకి ఇబ్బంది. మొదటి ఎపిసోడ్‌లో వచ్చిన ఆ 'డి' గ్రేడ్లు బద్ధకం వల్ల మాత్రమే కాదన్నమాట. నాన్న చేసిన మోనోపోలీ లెక్క తప్పు కాదు, కానీ దాంట్లో ఒక కాలమ్ లేదు. బిల్ కాస్బీ సొంత కొడుకు ఎన్నిస్‌కి కూడా డిస్‌లెక్సియా ఉండేది, ఆ కథ అక్కణ్ణుంచే వచ్చింది. ఎన్నిస్‌ని 1997 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో రోడ్డు పక్కన టైరు మారుస్తుండగా కాల్చి చంపారు.

ఆఖరి ఎపిసోడ్‌లో థియో న్యూయార్క్ యూనివర్సిటీ నుంచి డిగ్రీ తీసుకుంటాడు. కథ అంతే. నాన్న కనపడిన వాళ్లందరినీ రమ్మంటాడు, పాసులు సరిపోవు. సింగపూర్ నుంచి డెనీస్ ఫోన్ చేసి తను తల్లి కాబోతున్నానని చెప్తుంది. చివర్లో క్లిఫ్, క్లెయిర్ హాల్లో డాన్స్ చేస్తూ, చేతులు పట్టుకుని సెట్ దాటి నడిచి, చప్పట్లు కొడుతున్న స్టూడియో ఆడియెన్స్ మధ్యలోంచి తలుపు తీసుకుని వెళ్లిపోతారు. ఇది ఇల్లు కాదు సెట్ అని వాళ్లే చూపించేశారు. ఆ ఎపిసోడ్‌ని సుమారు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు.

ఇప్పుడు అదే రోజు బయట ఏం జరుగుతోందో చూద్దాం.

దీనికి దాదాపు 14 నెలలు వెనక్కి వెళ్లాలి. 1991 మార్చి 3, లాస్ ఏంజెలెస్. రోడ్నీ కింగ్ అనే నల్లజాతి యువకుణ్ణి పోలీసులు కారు ఛేజ్ చేసి ఆపి, నేల మీద పడేసి లాఠీలతో కొట్టారు. ఎదురు అపార్ట్‌మెంట్ బాల్కనీలోంచి ఒక మామూలు మనిషి తన వీడియో కెమెరాతో అది రికార్డ్ చేశాడు. ఫోన్ కెమెరాలు లేని కాలం అది. ఆ వీడియో దేశమంతా చూసింది. అదే నెలలో, అదే ఊళ్లో, ఆరెంజ్ జ్యూస్ బాటిల్ దొంగతనం చేస్తోందనుకుని ఒక కొరియన్ షాపు యజమానురాలు 15 ఏళ్ల నల్లజాతి అమ్మాయిని వెనక నుంచి కాల్చింది. అమ్మాయి చేతిలో డబ్బులున్నాయి. ఆ కేసులో జైలు శిక్ష పడలేదు, ప్రొబేషన్‌తో వదిలేశారు.

రోడ్నీ కింగ్ కేసు విచారణని ఊరి బయట సీమీ వ్యాలీ అనే చోటికి మార్చారు. 12 మంది జ్యూరీలో ఒక్క నల్లజాతి మనిషి కూడా లేరు. 1992 ఏప్రిల్ 29 మధ్యాహ్నం తీర్పు వచ్చింది. నలుగురు పోలీసులూ దాదాపు అన్ని అభియోగాల్లోనూ నిర్దోషులు. సాయంత్రానికి ఊరు అంటుకుంది. ఆ అల్లర్లలో 60 మందికి పైగా చనిపోయారు, 2,000 మందికి పైగా గాయపడ్డారు, సుమారు 100 కోట్ల డాలర్ల నష్టం. చనిపోయిన వాళ్లలో నల్లవాళ్లు ఉన్నారు, లాటినోలు ఉన్నారు, తెల్లవాళ్లు ఉన్నారు, ఆసియా వాళ్లు ఉన్నారు. కొరియన్ వాళ్ల షాపులు వందలకొద్దీ బూడిదయ్యాయి. ఆ షాపులు పెట్టిన వాళ్లు కూడా పిల్లల చదువుల కోసం రోజుకి పద్నాలుగు గంటలు కౌంటర్ వెనక నిలబడ్డ నాన్నలే, అమ్మలే.

ఇక్కడ మేయర్ గురించి చెప్పాలి. పేరు టామ్ బ్రాడ్లీ. 1917లో టెక్సస్‌లో పుట్టారు. తాతగారు బానిస. తల్లిదండ్రులు కౌలుకి పత్తి పండించిన వాళ్లు. ఆయన లాస్ ఏంజెలెస్ పోలీస్ శాఖలో చేరారు, అవును, అదే పోలీస్ శాఖ. డ్యూటీ చేస్తూ రాత్రిపూట లా చదివారు. లాయర్ అయ్యారు, తర్వాత సిటీ కౌన్సిల్, 1973లో ఆ ఊరికి మొదటి నల్లజాతి మేయర్. వరసగా ఐదుసార్లు గెలిచారు. హక్స్‌టబుల్స్ కట్టుకథ అయితే, బ్రాడ్లీ ఆ కథకి బతికున్న సాక్ష్యం. చదువుకో, మిగతాదంతా అదే వస్తుంది అన్న మాటకి అంతకంటే గట్టి ఉదాహరణ దొరకదు.

కానీ చూడండి. మేయర్ అయ్యి 19 ఏళ్లైనా, తను ఇరవై ఏళ్లు పనిచేసిన పోలీస్ శాఖనే ఆయన మార్చలేకపోయారు. పోలీస్ చీఫ్ డారిల్ గేట్స్‌కీ ఆయనకీ ఏడాదికి పైగా మాటల్లేవు. ఊరు అంటుకున్న ఆ మొదటి సాయంత్రం చీఫ్ గారు ఒక ఫండ్ రైజింగ్ పార్టీలో ఉన్నారు. డిగ్రీ మనిషిని కుర్చీ దాకా తీసుకెళ్లింది. కుర్చీలో కూర్చున్నంత మాత్రాన వ్యవస్థ లేచి నిలబడి సెల్యూట్ కొట్టలేదు.

అలాంటి మనిషి ఏప్రిల్ 30 రాత్రి టీవీలోకి వచ్చి కాస్బీ షో చూడండి అన్నారు. ఎన్‌బీసీ వాళ్ల లోకల్ స్టేషన్ కేఎన్‌బీసీ అల్లర్ల కవరేజ్ ఆపి ఆ ఎపిసోడ్ వేసింది. బిల్ కాస్బీ కూడా అదే స్టేషన్‌లో కనిపించి, శాంతించమని జనాన్ని కోరాడు. అంటే ఆ రాత్రి లాస్ ఏంజెలెస్‌లో ఒకే టీవీ డబ్బాలో ముందు తగలబడుతున్న షాపులు, తర్వాత గ్రాడ్యుయేషన్ గౌను వేసుకున్న థియో, తర్వాత మళ్లీ షాపులు.

ఆ ఎపిసోడ్ వల్ల అల్లర్లు ఆగాయా? ఆగలేదు. నేషనల్ గార్డ్, ఆ తర్వాత సైన్యం దిగాక, మే మొదటి వారానికి గానీ ఊరు సద్దుమణగలేదు. ఒక గంట సేపు కొంతమంది ఇంట్లో కూర్చుని ఉంటారు. బ్రాడ్లీ అడిగింది కూడా అంతే అనుకుంటా. తన మాట వినని ఊరు, ఆ ఇంటి మాటైనా వింటుందేమో అని.

అదే ఏడాది ఒక పుస్తకం వచ్చింది, పేరు 'ఎన్‌లైటెన్డ్ రేసిజమ్'. రాసింది సట్ జాలీ, జస్టిన్ లూయిస్ అనే ఇద్దరు పరిశోధకులు, మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్లు. వీళ్ల పరిశోధనకి డబ్బు ఇచ్చిన వాళ్లలో కాస్బీ కూడా ఉన్నాడు. వాళ్లు నల్లజాతి, తెల్లజాతి ప్రేక్షకులని గ్రూపులుగా కూర్చోబెట్టి షో చూపించి మాట్లాడించారు. నల్లజాతి ప్రేక్షకులు చాలామంది, మమ్మల్ని మర్యాదగా చూపించారని సంతోషపడ్డారు. తెల్లజాతి ప్రేక్షకులు కూడా ఆ కుటుంబాన్ని ప్రేమించారు. కానీ ఆ ప్రేమలోంచే చాలామంది ఒక లెక్కకి వచ్చారు. హక్స్‌టబుల్స్ ఎదిగారంటే అడ్డంకులేమీ లేవన్నమాట, ఎదగని వాళ్లది వాళ్ల తప్పే అని.

ఫ్రెండ్స్, ఈ పాయింట్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఒక నాన్న కొడుకుతో "చదువుకో, పైకొస్తావ్" అంటే అది ప్రేమ. అదే మాటని ఊరు తిరగేసి, "నువ్వు పైకి రాలేదంటే సరిగ్గా చదవలేదు" అంటే అది తీర్పు. మాట ఒకటే. ఎవరు ఎవరితో అంటున్నారన్న దాన్ని బట్టి దాని పని మారిపోతుంది. మొదటి ఎపిసోడ్‌లో క్లిఫ్ ఆ మాట మంచం మీద కొడుకు పక్కన కూర్చుని అన్నాడు. సీమీ వ్యాలీలో ఆ కొడుకు పక్కన ఎవరూ లేరు.

నిజం చెప్పాలంటే షో పూర్తిగా కళ్లు మూసుకోలేదు. థియో గది తలుపు మీద వర్ణవివక్షని రద్దు చెయ్యాలనే స్టిక్కర్ ఉండేది, దక్షిణాఫ్రికా గురించి. ఛానెల్ తీసెయ్యమంది, కాస్బీ ఒప్పుకోలేదు. ఇందులోంచే పుట్టిన 'ఎ డిఫరెంట్ వరల్డ్' అనే షో 1992 సెప్టెంబర్‌లో తన కొత్త సీజన్‌ని ఏకంగా లాస్ ఏంజెలెస్ అల్లర్ల మధ్యలోనే మొదలుపెట్టింది. కొత్తగా పెళ్లైన జంట హనీమూన్‌కి అక్కడికి వెళ్లి ఇరుక్కుంటారు. అమ్మ షో తలుపు తీసుకుని వెళ్లిపోయాక, కూతురు షో వీధిలోకి నడిచిందన్నమాట.

ఇప్పుడు మీరందరూ అడగబోయే ప్రశ్న. కాస్బీ అంటే ఆ కాస్బీయేనా? అవును, ఆయనే.

ఇక్కడ చరిత్ర ఒక విచిత్రమైన పని చేసింది. 2004 మేలో కాస్బీ ఒక సభలో మాట్లాడాడు. పేద నల్లజాతి తల్లిదండ్రులు పిల్లల్ని సరిగ్గా పెంచట్లేదని తిట్టిపోశాడు. నేను పైన చెప్పిన తీర్పు ఉంది కదా, దాన్ని ఆయన తన నోటితోనే ఇచ్చాడు. 2015లో ఒక జడ్జి, కాస్బీ పాత సివిల్ కేసులో ఇచ్చిన వాంగ్మూలాన్ని బయటపెట్టమని ఆదేశిస్తూ చెప్పిన కారణం ఏంటో తెలుసా? ఈ మనిషి ఊరందరికీ నీతులు చెప్పే స్థానం తీసుకున్నాడు, కాబట్టి ఆయన ప్రైవేటు నడవడి గురించి తెలుసుకునే ఆసక్తి జనానికి ఉంటుంది అని. మహిళలకి ఇవ్వాలనే ఉద్దేశంతో మత్తు మందులు సంపాదించానని ఆ వాంగ్మూలంలో ఒప్పుకున్నాడు. 50 మందికి పైగా మహిళలు బయటికొచ్చి తమకి జరిగింది చెప్పారు. 2018లో పెన్సిల్వేనియాలో లైంగిక దాడి కేసులో దోషిగా తేలాడు, మూడు నుంచి పదేళ్ల శిక్ష. 2021 జూన్‌లో రాష్ట్ర సుప్రీం కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. పాత ప్రాసిక్యూటర్ కేసు పెట్టనని ఇచ్చిన హామీని తర్వాత వాళ్లు తప్పారన్నది దానికి కారణం. ఆయన ఏమీ చెయ్యలేదని ఆ కోర్టు చెప్పలేదు. 2022లో ఇంకో సివిల్ కేసులో జ్యూరీ ఆయనకి వ్యతిరేకంగానే తీర్పిచ్చింది.

నేను ఎనిమిదో సీజన్ చూసింది ఇవన్నీ తెలిశాకే. క్లిఫ్ ఇంటి కింద క్లినిక్ ఉంటుంది, ఆడ పేషెంట్లు నమ్మకంతో వస్తారు. ఆ సీన్లు ఇప్పుడు నవ్వుతూ చూడలేం. చూడలేం అనే వాళ్లతో నేను వాదించను కూడా. చాలా ఛానెళ్లు రీరన్లు ఆపేశాయి. దాంతో మిగతా నటులకి ఆ షో మీద వచ్చే డబ్బులూ తగ్గాయి. అల్లుడు ఎల్విన్ పాత్ర చేసిన జెఫ్రీ ఓవెన్స్ 2018లో ఒక కిరాణా స్టోర్‌లో క్యాషియర్‌గా పనిచేస్తుంటే ఎవరో ఫొటో తీసి నెట్‌లో పెట్టారు, ఎగతాళికి. ఆ ఎగతాళి తిరిగి వాళ్లకే తగిలింది. కష్టపడి చేసే ఏ పనైనా గౌరవమే అని ఆయన తర్వాత చెప్పారు.

థియోగా చేసిన మాల్కమ్-జమాల్ వార్నర్ 2025 జూలైలో కోస్టారికా సముద్రంలో మునిగి చనిపోయారు. 54 ఏళ్లు. ఆ వార్త చదివాకే నేను ఈ ఎపిసోడ్ చెయ్యాలనుకున్నా. నా వరకు ఆ షో కాస్బీది కాదు. 'డి' గ్రేడ్లతో మొదలై, తనకి అక్షరాలు ఎందుకు తిరగబడుతున్నాయో ఆరేళ్లకి తెలుసుకుని, ఎనిమిదేళ్లకి డిగ్రీ తీసుకున్న ఆ కుర్రాడిది.

ఇంక నా సంగతి చెప్పి ముగిస్తా. నాకు థియో లాగా గ్రాడ్యుయేషన్ డే లేదు. ఓడీ కౌంటర్ కిటికీలోంచి ఇచ్చారు, సంతకం పెట్టి తీసుకున్నా. ఇంటికి తెస్తే మా నాన్న ఎవరు చెప్పినా వినకుండా వెళ్లి లామినేషన్ చేయించుకొచ్చారు. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్ల తర్వాత ఒక ఉదయం పదిహేను నిమిషాల కాల్‌లో, మీ పొజిషన్ ఇంక లేదు అన్నారు. కంపెనీ పేరు అనవసరం. నాకు జరిగిన దాన్ని రోడ్నీ కింగ్‌కి జరిగిన దానితో పోల్చడం లేదు, పోల్చకూడదు. వర్ణం చూసి లాఠీ ఎత్తడం వేరు, ఎక్సెల్ షీట్ చూసి పేరు కొట్టేయడం వేరు. కానీ "చదువుకుంటే మిగతాదంతా అదే వస్తుంది" అన్న మాటలో 'అదే' అనే పదం అబద్ధమని నాకు ఆ రోజు అర్థమైంది. అదే రాదు. చదువు మనల్ని తలుపు దాకా తీసుకెళ్తుంది. తలుపు అవతల ఏముందో చదువు చేతిలో లేదు.

మూడు వారాలు ఇంట్లో చెప్పలేదు. తర్వాత ఫోన్ చేసి చెప్పా. నాన్న కాసేపు మాట్లాడలేదు. ఏదో క్లాస్ పీకుతారనుకున్నా. "అన్నం తిన్నావా?" అన్నారు. తిన్నానన్నా. "నీ తప్పేం లేదు కదా?" అన్నారు. లేదు నాన్నా అన్నా. "మరైతే ఇంటికి రా, చూద్దాం" అన్నారు.

నలభై ఏళ్ల క్రితం ఒక సీరియల్ నాన్న, చేతనైనంత కష్టపడమన్నాడు. అది సగం మాట. కష్టపడ్డాక కూడా దెబ్బ తగిలితే నీ తప్పేం లేదు, ఇంటికి రా అనడం మిగతా సగం. 1992లో ఆ మొదటి సగం టీవీలో చూపించి ఊరిని ఆపాలనుకున్నారు. వీధిలో ఉన్న వాళ్లు ఎదురుచూస్తున్నది రెండో సగం కోసం. అది కోర్టు చెప్పాలి, పోలీస్ శాఖ చెప్పాలి. సీరియల్ చెప్పలేదు.

మీ ఇంట్లో ఈ మాట ఎవరు ఎవరితో అన్నారో, ఎలా అన్నారో కామెంట్స్‌లో రాయండి, నేను చదువుతా. వీడియో నచ్చితే ఇంకొకరికి పంపండి. కుదిరితే మీ నాన్నకి పంపండి.